కండెన్సేట్ పంపు బేరింగులు నిలవడం లేదు, ఈసారి పూర్తిగా విప్పుతున్నాం. షాఫ్ట్‌లో, బేరింగుల్లో ఏమేం చూడాలి?

పేపర్‌మిల్_మెయింటెనెన్స్:
అందరికీ నమస్తే. మా దగ్గర హాట్ కండెన్సేట్ (ఆవిరి చల్లబడి మారిన వేడి నీళ్లు) పంపు ఒకటుంది. ఎండ్ సక్షన్ (నీళ్లు ఒక చివర నుంచి లోపలికొచ్చేది), బ్యాక్ పుల్ అవుట్ టైపు, 37 కిలోవాట్ల మోటారు, 2950 ఆర్‌పీఎం, నీళ్లు 90 డిగ్రీల దాకా ఉంటాయి. బేరింగ్ హౌసింగ్‌లో రెండు వైపులా 6309 సీ3 (లోపలి ఆట ఎక్కువ ఉండే రకం) బాల్ బేరింగులు, ఆయిల్ లూబ్రికేషన్. పోయినేడు షట్‌డౌన్‌లో షాఫ్ట్ స్లీవ్ (షాఫ్ట్ మీది తొడుగు), సీల్ మార్చారు, అప్పట్నుంచీ బేరింగులు నాలుగైదు నెలలు కూడా ఆగడం లేదు. మొదట హౌసింగ్ వేడెక్కుతుంది, 85 దాటుతుంది, తర్వాత గరగరమని శబ్దం, తర్వాత మేనేజర్ గారి ఫోన్. ప్రతిసారీ రెండు బేరింగులూ కొత్తవే వేస్తున్నాం, అలైన్‌మెంట్ లేజర్‌తో చేయిస్తున్నాం. పాతవి స్క్రాప్‌కి వెళ్లిపోయాయి, ఒక్కటీ లేదు. ఆదివారం స్టాండ్‌బై పంపు (పక్కనే ఆగి ఉండే రెండోది) నడిపి దీన్ని విప్పుతున్నాం. ఏ వరసలో చూడాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. షాఫ్ట్ వంగిందని మావాళ్ల అనుమానం.

పాతఫిట్టర్_పాల్వంచ:
పాత బేరింగులు పారేశారు చూడు, అక్కడే కథ సగం పోయింది. ఎందుకు పోయిందో బేరింగే చెప్తుంది, కాకపోతే మనం సుత్తితో కొట్టి బయటికి లాగి, కాటన్ వేస్ట్‌తో తుడిచి, డబ్బాలో పడేస్తాం. ఈసారి విప్పే పద్ధతే మార్చండి.

ముందు ఆయిల్. డ్రెయిన్ ప్లగ్ తీసి బకెట్లో వదిలేయకుండా మొదటి కాస్తా తెల్లటి గాజు సీసాలో పట్టండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. సీసా బయట అయస్కాంతం పెట్టి చూడండి, దానికి లాగినది ఇనుము, లాగకుండా పసుపుగా మెరిసేది ఇత్తడి కేజ్ (బాల్స్‌ని పట్టి ఉంచే చట్రం) అరుగుదల. మీ 6309లో ఉక్కు రేకు కేజ్ ఉంటే పసుపు మెరుపు రాదు, అది కూడా గుర్తుంచుకోండి.

తర్వాత ముఖ్యమైనది. బేరింగ్ కవర్లు తీయగానే, ఏదీ కదిలించకముందే, పర్మనెంట్ మార్కర్‌తో ప్రతి అవుటర్ రేస్ (బేరింగ్ బయటి రింగు) మీదా గీత పెట్టండి, పైభాగం ఎటో, కప్లింగ్ (మోటారుతో కలిపే జాయింట్) వైపు ఏదో రాయండి. ఇన్నర్ రేస్ (లోపలి రింగు) మీద కూడా ఏ ముఖం ఎటు ఉందో రాయండి. ఈ గీత లేకపోతే తర్వాత రేస్‌లో మచ్చ కనిపించినా అది కిందదా పైదా, ఇంపెల్లర్ (నీళ్లు తోసే చక్రం) వైపుదా కప్లింగ్ వైపుదా అన్నది ఎవరూ చెప్పలేరు.

జుబైల్_రొటేటింగ్:
పెద్దాయన చెప్పింది నూటికి నూరు శాతం. నేను సౌదీలో రిఫైనరీ సైట్లలో రొటేటింగ్ పని చేస్తాను, ఇక్కడ బేరింగ్‌ని ఫోటో తీయకుండా, ట్యాగ్ కట్టకుండా బయటికి తెస్తే ఊరుకోరు.

విప్పే ముందు మాట ఒకటి, తెలిసిందే అనుకోకండి. మోటారు బ్రేకర్ ఆఫ్ చేసి తాళం, ట్యాగ్ వేయండి, సక్షన్, డిశ్చార్జ్ రెండూ మూయండి, తర్వాత కేసింగ్ డ్రెయిన్, వెంట్ తెరిచి ప్రెజర్ సున్నాకి వచ్చిందని కళ్లతో చూడండి. 90 డిగ్రీల కండెన్సేట్ అంటే మామూలు నీళ్లు కాదు, వాల్వ్ కాస్త లీకవుతున్నా కేసింగ్ నట్లు వదులు చేయగానే కాలే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. చల్లారే దాకా ఆగండి.

స్పేసర్ కప్లింగ్ (మధ్యలో తీసేయగల ముక్క ఉన్నది) ఉంటే మోటారు కదిలించక్కర్లేదు. స్పేసర్ తీసి, కేసింగ్ నట్లు తీసి, జాక్ స్క్రూలతో సమంగా వెనక్కి లాగితే రొటేటింగ్ యూనిట్ మొత్తం వచ్చేస్తుంది. కేసింగ్ కవర్‌కీ హౌసింగ్‌కీ మ్యాచ్ మార్కులు పెట్టండి. ఇంపెల్లర్ నట్ మర ఏ వైపో మాన్యువల్‌లో చూశాకే పైపు వేసి తిప్పండి, పంపు తిరుగుతుంటే వదులు కాకుండా బిగుసుకునేలా మర పెడతారు కాబట్టి కొన్నింట్లో ఎడమ మర ఉంటుంది.

లేత్‌షాప్_ఆటోనగర్:
షాఫ్ట్ వంగింది అని మా షాపుకి తెచ్చేవాటిలో చాలావరకు వంగనివే ఉంటాయి అన్నా. లేత్ సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజ్ ఆనించి తిప్పితే 0.15 మి.మీ. చూపిస్తోంది అంటారు, తీరా చూస్తే షాఫ్ట్ చివరి సెంటర్ రంధ్రం దెబ్బతిని ఉంటుంది. సుత్తితో షాఫ్ట్ చివర కొడితే సెంటర్ పాడవక ఏమవుతుంది. అందుకే వీ బ్లాకులు (షాఫ్ట్‌ని మోసే V గాడి దిమ్మెలు) రెండూ బేరింగ్ కూర్చునే చోటే పెట్టాలి, ఎందుకంటే పంపులో షాఫ్ట్ తిరిగేది ఆ రెండు చోట్ల ఆధారంగానే. చివర ఒక స్టాపర్ పెట్టి షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా చూసి డయల్‌ని ఇంపెల్లర్ సీటు దగ్గర, స్లీవ్ దగ్గర, కప్లింగ్ సీటు దగ్గర పెట్టి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. కీవే (కీ కూర్చునే గాడి) మీదుగా డయల్ పోతే ముల్లు దూకుతుంది, అది లెక్క కాదు.

ఇంకోటి, డయల్‌లో 0.10 వచ్చిందంటే వంపు 0.05 అన్నమాట, సగం. ఈ సగం లెక్క మర్చిపోయి షాఫ్ట్ మార్చేసినవాళ్లు ఉన్నారు.

జుబైల్_రొటేటింగ్:
ఏపీఐ 610 (రిఫైనరీ పంపుల ప్రమాణం) పంపులకి మేం డయల్‌లో 0.025 మి.మీ. దాటనివ్వం. మామూలు ప్రాసెస్ పంపుకి సీల్ దగ్గర 0.05 లోపు ఉంటే నడుస్తుంది. దాటితే ప్రెస్ మీద తిన్నగా చేయించొద్దు, 2 పోల్ మోటారు స్పీడులో (మీ 2950 లాంటిది) వేడికి మళ్లీ వంగుతుంది.

లేత్‌షాప్_ఆటోనగర్:
ప్రెస్ మీద తిన్నగా చేసినవి ఏళ్ల తరబడి తిరుగుతున్నవి నాకు తెలుసు బ్రో. 1450 స్పీడు పంపులకి చేసి ఇస్తాం. 2950 అంటే మాత్రం నేనూ కొత్త షాఫ్టే అంటాను, ఒప్పుకుంటున్నా.

వైబ్రేషన్_విశాఖ:
విప్పకముందు రీడింగులు ఏమైనా తీశారా? 2950 అంటే 49 హెర్ట్జ్ చిల్లర. 6309లో 8 బాల్స్ కాబట్టి అవుటర్ రేస్ దెబ్బ తింటే తిరిగే వేగానికి సుమారు 3 రెట్ల దగ్గర, ఇన్నర్ దెబ్బ తింటే సుమారు 5 రెట్ల దగ్గర పీక్ వస్తుంది. పూర్ణ సంఖ్య దగ్గర కచ్చితంగా పడదు, అదే దాని గుర్తు. మోటారు వీఎఫ్‌డీ (వేగం మార్చే డ్రైవ్) మీద నడుస్తోందా అన్నది కూడా చెప్పండి. రేస్ మీద అడ్డంగా, సమాన దూరంలో నల్లటి గీతలు, రేకుల షెడ్డు పైకప్పులాగా వరసగా ఉంటే వీఎఫ్‌డీ వల్ల షాఫ్ట్‌లో పారే కరెంటు పని.

పేపర్‌మిల్_మెయింటెనెన్స్:
వీఎఫ్‌డీ ఉంది సార్. రీడింగ్ పోయిన వారం తీశారు, 1 రెట్టు తక్కువే ఉంది, 3 దగ్గరా 5 దగ్గరా రెండు చోట్లా పీకులు ఉన్నాయి. కప్లింగ్‌లో రబ్బర్ ఎలిమెంట్ ఉంది.

వైబ్రేషన్_విశాఖ:
రబ్బర్ ఉంటే కరెంటు పంపు వైపుకి దాటడం కష్టం, ముందు దెబ్బ తినేది మోటారు బేరింగే. అయినా రేస్ చూడండి. షాఫ్ట్ వంగితే 1 రెట్టు దగ్గర పీక్ పెరగాలి, అది తక్కువ ఉందంటే షాఫ్ట్ వంపు మీద నాకు నమ్మకం తగ్గింది.

రైతుబిడ్డ_సిద్దిపేట:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా బావి మీద 5 హెచ్‌పీ మోనోబ్లాక్ ఉంది, అది కూడా గరగర అంటోంది. దాంట్లో పంపు బేరింగ్ ఎక్కడ ఉంటదే?

పాతఫిట్టర్_పాల్వంచ:
మోనోబ్లాక్‌లో పంపుకి వేరే బేరింగ్ ఉండదు బిడ్డా, మోటారు షాఫ్టే ముందుకి పొడుగుగా వచ్చి దాని మీదే ఇంపెల్లర్ కూర్చుంటది. మోటారు రెండు బేరింగులూ చూపించు. ఇంపెల్లర్ వైపు బేరింగ్ పోతే సీల్ నుంచి నీళ్లు లోపలికి వస్తున్నాయేమో చూడు, ఉత్త బేరింగ్ మార్చి వదిలేస్తే మళ్లా అదే. వేరే చర్చ పెట్టు, అక్కడ వివరంగా చెప్తా.

ఇక పేపర్ మిల్ తమ్ముడికి, షాఫ్ట్ మీద నుంచి బేరింగ్ తీసేటప్పుడు పుల్లర్ గోళ్లు ఇన్నర్ రేస్‌కే తగలాలి. అవుటర్ పట్టుకుని లాగితే బాల్స్ మీదుగా బలం పోయి, బాల్ బాల్‌కీ రేస్ మీద గుంటలు పడతాయి, తర్వాత అవి పాత దెబ్బలా కొత్త దెబ్బలా తెలియక తల పట్టుకుంటారు. చోటు లేక అవుటర్‌నే లాగక తప్పకపోతే, లాగుతూ అవుటర్‌ని తిప్పుతూ ఉండాలి. గ్యాస్ కటింగ్ అసలొద్దు, రంగు మారిపోతే వేడికి నీలం తిరిగిందా మంటకి తిరిగిందా ఎవరు చెప్తారు.

పేపర్‌మిల్_మెయింటెనెన్స్:
విప్పేశాం. నిన్న పొద్దున మొదలుపెడితే రాత్రి అయింది. సంగతులు ఇవి.

ఆయిల్ నల్లగా ఉంది, నీళ్లు లేవు, అయస్కాంతానికి సన్నటి పొడి బాగా అంటుకుంది. ఆయిలర్ లెవల్ సరిగ్గానే ఉంది, కింది బాల్ మధ్యకి వస్తోంది. షాఫ్ట్ వీ బ్లాకుల మీద: స్లీవ్ దగ్గర 0.02, ఇంపెల్లర్ సీటు దగ్గర 0.03, కప్లింగ్ దగ్గర 0.02. అంటే వంగలేదు. కీవే మూలల్లో, షోల్డర్ (షాఫ్ట్ లావు మారే మెట్టు) దగ్గర డై పెనిట్రెంట్ (పగుళ్లు చూపించే రంగు) కొట్టాం, ఎర్రటి గీత ఏదీ రాలేదు.

బేరింగ్ సీట్లు మైక్రోమీటర్‌తో మూడేసి చోట్ల, అడ్డంగా నిలువుగా కొలిచాం. కప్లింగ్ వైపు 45.008, ఇంపెల్లర్ వైపు 44.996. ఇంపెల్లర్ వైపు సీటు మీద గోధుమ రంగు మచ్చలు ఉన్నాయి. మా సీనియర్ ఫిట్టర్ గారు డాట్ పంచ్ కొట్టేద్దాం, టైటు అవుతుంది అంటున్నారు.

లేత్‌షాప్_ఆటోనగర్:
పంచ్ మాత్రం వద్దు!! ఆ చుక్కల కొనల మీదే బేరింగ్ కూర్చుంటుంది, తిరిగిన కొద్ది రోజుల్లో కొనలు అణిగిపోతాయి, పైగా సెంటర్ తప్పుతుంది. k5 (షాఫ్ట్ కొలత హద్దుల కోడ్) అని మాన్యువల్‌లో ఉంటే మీ సీటు 45.002 నుంచి 45.013 మధ్య ఉండాలి. బేరింగ్ బోరు 45.000 నుంచి 44.988 దాకా వస్తుంది. అంటే మీ 44.996 సీటు మీద ఒక బేరింగ్ కాస్త బిగుతుగా, ఇంకో బేరింగ్ 4 మైక్రాన్లు వదులుగా కూర్చుంటుంది, అదృష్టం మీద నడుస్తోందన్నమాట. గోధుమ మచ్చలు అందుకే, ఇన్నర్ రేస్ షాఫ్ట్ మీద మెల్లగా జారుతోంది. హార్డ్ క్రోమ్ వేయించి గ్రైండ్ చేయించుకోండి, లేదా స్టోర్‌లో కొత్త షాఫ్ట్ ఉంటే అది వేయండి. అర్జెంటు అయితే లాక్‌టైట్ 641 లాంటి రిటైనింగ్ కాంపౌండ్ వేసి నడపొచ్చు, తర్వాతి షట్‌డౌన్ దాకా.

జుబైల్_రొటేటింగ్:
ఈ వదులు సీటు ఒక సమస్యే కానీ మీ అసలు సమస్య ఇది కాదనుకుంటున్నా. ఇంపెల్లర్ వైపు సీటు వదులైతే ఆ బేరింగ్ ఒక్కటే పోవాలి. మీకు రెండూ పోతున్నాయి, రెండూ వేడెక్కుతున్నాయి. హౌసింగ్ బోరు కొలిచారా? 100 మి.మీ. H7 (బోరు కొలత హద్దుల కోడ్) అంటే 100.000 నుంచి 100.035. బేరింగులు కోసి చూశారా?

పేపర్‌మిల్_మెయింటెనెన్స్:
హౌసింగ్ కప్లింగ్ వైపు 100.018, ఇంపెల్లర్ వైపు 100.022, ఓవల్ లేదు. బేరింగులు ఇంకా కోయలేదు, ఎలా కోయాలి? గ్రైండర్ పెట్టి అవుటర్ కోసేయమంటారా?

పాతఫిట్టర్_పాల్వంచ:
రింగు కోయక్కర్లేదు. డీప్ గ్రూవ్ బేరింగ్ కదా, కేజ్ రివెట్లు డ్రిల్‌తో తీసేసి కేజ్ రెండు ముక్కలూ బయటికి లాగండి. బాల్స్ అన్నీ ఒక పక్కకి తోస్తే ఇన్నర్ రేస్ అవతలి పక్కకి జరుగుతుంది, బాల్స్ ఒక్కొక్కటే బయటికి వచ్చేస్తాయి. ఫ్యాక్టరీలో బిగించింది కూడా అలాగే. తర్వాత కిరోసిన్‌తో కడిగి, వెలుతురులో పెట్టి ట్రాక్ చూడండి. ట్రాక్ అంటే బాల్ నడిచిన మసక చార. నాలుగు సంగతులు రాసి పెట్టండి: చార గాడి మధ్యలో ఉందా పక్కకి ఉందా, పక్కకైతే ఎటు, చుట్టూ ఉందా సగమే ఉందా, వెడల్పు సమానంగా ఉందా.

పేపర్‌మిల్_మెయింటెనెన్స్:
చూశాం సార్. గుర్తులు పెట్టబట్టి సరిపోయింది.

కప్లింగ్ వైపు బేరింగ్: ఇన్నర్‌లో చార మధ్యలో లేదు, ఇంపెల్లర్ వైపు అంచుకి జరిగి ఉంది. అవుటర్‌లో కప్లింగ్ వైపుకి జరిగి ఉంది, చుట్టూ పూర్తిగా ఉంది. ఇన్నర్‌లో ఒక చోట పొర లేచి గుంట పడింది.
ఇంపెల్లర్ వైపు బేరింగ్: ఇన్నర్‌లో చార కప్లింగ్ వైపుకి జరిగి ఉంది. అవుటర్‌లో ఇంపెల్లర్ వైపుకి, ఇది కూడా చుట్టూ పూర్తిగా ఉంది, గుంటలు మొదలయ్యాయి.
చారల వెడల్పు సమానంగానే ఉంది. అడ్డగీతలు ఎక్కడా లేవు.

ఇంపెల్లర్ థ్రస్ట్ (షాఫ్ట్‌ని పొడవునా నెట్టే బలం) ఎక్కువైందేమో అని మా డిప్యూటీ మేనేజర్ గారు అంటున్నారు, వేర్ రింగులు (ఇంపెల్లర్ చుట్టూ సందు తగ్గించేవి) అరిగాయి అని.

జుబైల్_రొటేటింగ్:
థ్రస్ట్ కాదు. కాగితం మీద బొమ్మ గీసి చూడండి. మీ పంపులో కప్లింగ్ వైపు బేరింగ్ ఫిక్స్‌డ్, ఇంపెల్లర్ వైపుది ఫ్రీ, అంటే దాని అవుటర్ హౌసింగ్‌లో అటూ ఇటూ జరగగలగాలి. హైడ్రాలిక్ థ్రస్ట్ ఎంత ఉన్నా ఫిక్స్‌డ్ బేరింగ్ ఒక్కటే మోస్తుంది, ఫ్రీ బేరింగ్‌లో చార మధ్యలోనే ఉంటుంది, అవుటర్‌లో ఒక పక్క సగం మాత్రమే ఉంటుంది. మీ రెండింట్లోనూ చార పక్కకి జరిగింది, అదీ ఎదురెదురుగా. ఎండ్ సక్షన్‌లో థ్రస్ట్ సాధారణంగా సక్షన్ వైపుకి లాగుతుంది, అప్పుడు ఫిక్స్‌డ్ బేరింగ్ ఇన్నర్‌లో చార కప్లింగ్ వైపు అంచుకి రావాలి. మీది రివర్స్‌లో ఉంది. అలైన్‌మెంట్ తప్పయితే అవుటర్‌లో చార వంకరగా, ఒక చోట వెడల్పుగా ఒక చోట సన్నగా ఉండేది.

రెండు ఇన్నర్ చారలూ మధ్య వైపుకి, రెండు అవుటర్ చారలూ బయటి వైపుకి, చుట్టూ పూర్తిగా. అంటే రెండు అవుటర్లనీ బయటి నుంచి ఎవరో లోపలికి నొక్కుతున్నారు, బేరింగులు రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మీ ఫ్రీ బేరింగ్ ఫ్రీగా లేదు. ఇంపెల్లర్ వైపు బేరింగ్ కవర్ చూడండి. పోయినేడు స్లీవ్ మార్చినప్పుడు ఆ కవర్ తీసే ఉంటారు.

పాతఫిట్టర్_పాల్వంచ:
శభాష్. నేనూ అదే రాయబోతున్నా. గ్యాస్కెట్ ఉందా అక్కడ?

పేపర్‌మిల్_మెయింటెనెన్స్:
గ్యాస్కెట్ లేదు సార్!! సిలికాన్ సీలెంట్ పూసి ఉంది. మాన్యువల్ పార్ట్ లిస్టులో రెండు కవర్లకీ 0.5 మి.మీ. గ్యాస్కెట్ అని ఉంది. కప్లింగ్ వైపు గ్యాస్కెట్ ఉంది, ఇంపెల్లర్ వైపు లేదు.

జుబైల్_రొటేటింగ్:
ఇప్పుడు కొలవండి. పాత బేరింగులే మళ్లీ వేసి కొలవకండి, కొత్తవి వేశాక. షాఫ్ట్‌ని కప్లింగ్ వైపుకి నెట్టి పట్టుకుని, ఇంపెల్లర్ వైపు అవుటర్‌ని కూడా అటే నెట్టి, అప్పుడు హౌసింగ్ ముఖం నుంచి అవుటర్ దాకా డెప్త్ గేజ్‌తో లోతు తీసుకోండి. ఊరికే పెట్టి కొలిస్తే బేరింగ్ లోపలి ఆట కలిసిపోయి తప్పు లెక్క వస్తుంది. తర్వాత కవర్ స్పిగాట్ (కవర్ నుంచి హౌసింగ్‌లోకి పొడుచుకొచ్చే అంచు) పొడవు కొలవండి.

కొత్త బేరింగులు ఇండక్షన్ హీటర్ మీద 110 డిగ్రీలకి వేడి చేసి వేయండి, 125 దాటనివ్వొద్దు, డీమాగ్నెటైజ్ అయ్యేదాకా తీయొద్దు. 30 నుంచి 110కి అంటే 45 బోరు 43 మైక్రాన్లు పెరుగుతుంది, మీ ఫిట్‌లో ఎక్కువలో ఎక్కువ బిగుతు 25, కాబట్టి చేత్తో జారిపోతుంది. చల్లారే దాకా షోల్డర్‌కి ఆనించి పట్టుకోండి, లేకపోతే చల్లారుతూ వెనక్కి జరిగి సందు వదులుతుంది. లాక్ వాషర్ కొత్తది వేయండి.

పేపర్‌మిల్_మెయింటెనెన్స్:
స్టోర్‌లో కొత్త షాఫ్ట్ దొరికింది, రెండు సీట్లూ 45.009, 45.010. బేరింగుల పెట్టె మీద కోడ్ కంపెనీ యాప్‌లో స్కాన్ చేసి ఒరిజినల్ అని తేలాకే వేశాం. లోతు 6.10, స్పిగాట్ 6.25.

జుబైల్_రొటేటింగ్:
దొరికిపోయింది. గ్యాస్కెట్ 0.5 ఉంటే 0.35 సందు మిగులుతుంది, లేకపోతే 0.15 నొక్కుతుంది. ఆ 0.15 అంచు చుట్టూ సందుగా కనపడాలి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) దూరేది, కానీ సీలెంట్ దాన్ని కప్పేసింది. పైగా నడుస్తుంటే షాఫ్ట్ హౌసింగ్ కంటే వేడిగా ఉంటుంది. బేరింగుల మధ్య దూరం 220 అనుకుంటే, 25 డిగ్రీల తేడాకి షాఫ్ట్ దాదాపు 0.07 సాగుతుంది. ఆ సాగుదలకి చోటు లేక అది కూడా బాల్స్ మీదే పడుతుంది. వేడెక్కిన కొద్దీ బిగుతు, బిగిసిన కొద్దీ వేడి. బాల్ బేరింగ్‌లో లోడు రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకి పడిపోతుంది, మీ నాలుగైదు నెలల లెక్క అక్కడే ఉంది.

లేత్‌షాప్_ఆటోనగర్:
వదులు సీటు కూడా దీని వల్లే అయ్యుంటుందా?

పాతఫిట్టర్_పాల్వంచ:
అయ్యుండొచ్చు. అంత బిగుతులో ఇన్నర్ వేడెక్కి, బోరు పెరిగి షాఫ్ట్ మీద జారుతుంది, జారితే సీటు అరుగుతుంది. ప్రతిసారీ పుల్లర్‌తో లాగడం వల్ల కూడా అరుగుతుంది. ఏది ముందో ఇప్పుడు తేల్చలేం.

వైబ్రేషన్_విశాఖ:
స్టాండ్‌బై పంపు సంగతి కూడా చూడండి. పక్క పంపు అదిరిపోతుంటే ఆగి ఉన్న దాని బేరింగ్‌లో బాల్ ఉన్న చోటే అరిగి, బాల్ దూరానికి ఒక మచ్చ చొప్పున పడుతుంది, చుట్టూ ఎర్రటి పొడి ఉంటుంది. సుత్తి దెబ్బ గుంటలైతే అడుగున ఫ్యాక్టరీ గ్రైండింగ్ గీతలు అలాగే ఉంటాయి, ఇందులో గీతలు చెరిగిపోతాయి. వారానికోసారి షాఫ్ట్‌ని చేత్తో తిప్పి వేరే చోట ఆపమని షిఫ్ట్ వాళ్లకి చెప్పండి.

పేపర్‌మిల్_మెయింటెనెన్స్:
ఫైబర్ షీట్ 0.5ది కోసి గ్యాస్కెట్ వేశాం, కవర్ బిగించాక షాఫ్ట్ ఒక వేలితో తిరుగుతోంది. ఇన్నాళ్లూ బరువుగా తిరిగితే సీల్ బిగుతు అనుకునేవాళ్లం. నిన్న సాయంత్రం నుంచి నడుస్తోంది, హౌసింగ్ 62 దగ్గర నిలబడింది, 3 దగ్గరా 5 దగ్గరా పీకులు లేవు. స్టాండ్‌బై కవర్ కూడా శుక్రవారం విప్పి చూస్తాం, అదే టీమ్ అదే షట్‌డౌన్‌లో చేసింది కాబట్టి. ఒక డౌటు: గ్యాస్కెట్ బిగిస్తే నలుగుతుంది కదా, 0.35 నిజంగా మిగిలిందో లేదో ఎలా తెలుస్తుంది?

పాతఫిట్టర్_పాల్వంచ:
సన్నటి సీసం తీగ ముక్కలు మూడు నాలుగు, గ్రీజుతో అవుటర్ ముఖం మీద అంటించు. గ్యాస్కెట్ వేసి కవర్ మామూలు టార్క్‌కి బిగించి మళ్లీ విప్పు. నలిగిన తీగ మందం మైక్రోమీటర్‌తో కొలిస్తే అదే నీ సందు. ముక్కలన్నీ లెక్కపెట్టి తీయి, ఒక్కటి లోపల పడినా బాల్ కింద చేరుతుంది. స్టాండ్‌బై విప్పుతున్నావు కదా, దాని మీద చేసి ఇక్కడ రాయి.